పంక్తి మొదటి ఖాళీ: ఎడిటరు సహాయ గ్రంథమును సరిదిద్దు విధము

వ్రాసిన యక్షరమును అందఱును చూతురు. వ్రాయక విడిచిన చోటును చూచువారు తక్కువ. అయినను చదువరికి దారి చూపుటలో ఆ రెండింటికిని పాలు కలదు. పూర్వము తాటియాకులపై వ్రాసిన గ్రంథములలో మాటకును మాటకును నడుమ ఎడము లేక అక్షరములు ఒకదానివెంట నొకటి సాగిపోయెడివి. వానిని విడదీసి చదువుటకే కొంత పాండిత్యము వలసియుండెను. అచ్చుపుస్తకములు వచ్చిన పిమ్మట మాటల నడుమ ఎడమును, పేరా మొదట కొంత ఖాళీయును అలవాటయ్యెను. అందుచేత క్రొత్తగా చదువ నేర్చిన బాలుడుకూడ వాక్యమెచ్చట మొదలగునో, విషయమెచ్చట మాఱునో సులభముగా తెలిసికొనగలుగుచున్నాడు. కాబట్టి ఖాళీ యనునది శూన్యము కాదు. అదియు నొక గుర్తే.

కంప్యూటరుపై వ్రాయు పాఠములలో ఈ గుర్తునకు మఱింత బలము కలదు. పంక్తిని ఎడమ అంచునుండి కొంత లోనికి జరిపి వ్రాయుటను ఇండెంటు అందురు. ఒకే పుటలో ఒక పంక్తిని ఒక తీరునను, దానితో సమానమైన మఱియొక పంక్తిని వేఱొక తీరునను జరిపియుంచినచో చదువరి భ్రమపడును. ఒక్కొక్కచో యంత్రమే భ్రమపడును. టెక్స్టు ఎడిటరు అను సాధనముయొక్క సహాయ గ్రంథములో ఇట్టి దోషమెట్లు పుట్టునో, దానినెట్లు కనిపెట్టవలయునో, ఏ జాగ్రత్తతో సరిదిద్దవలయునో ఈ వ్యాసమున క్రమముగా వివరింపబడును. కంప్యూటరు నెన్నడును ముట్టని తలిదండ్రులకుకూడ విషయము బోధపడునట్లు మొదటినుండి చెప్పెదము.

1. ఎడిటరును దాని సహాయ గ్రంథమును

అక్షరములకు రంగులు, అలంకారములు చేర్చక, వ్రాసినదానిని వ్రాసినట్లే భద్రపఱచు సాధనమునకు టెక్స్టు ఎడిటరని పేరు. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారందఱును దీనినే వాడుదురు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ అనువారు 1976 ప్రాంతమున 'వీఐ' అను ఎడిటరును రచించిరి. దాని మార్గమున నడచి హాలెండు దేశీయుడైన బ్రామ్ మూలెనార్ 1991వ సంవత్సరమున 'విమ్' అను ఎడిటరును లోకమునకిచ్చెను. దానికి వెల లేదు. ఆయన కొంతకాలము ఉగాండా దేశమున నీటి వసతులకును పారిశుద్ధ్యమునకును సంబంధించిన పనిలో స్వచ్ఛందముగా నుండి, అక్కడి కిబాలె గ్రామపు బాలల దుఃస్థితిని చూచినవాడు. అందుచేత తన ఎడిటరు వలన మేలు పొందినవారు ఆ బాలలకు తోడ్పడవలసినదని దాని సహాయ గ్రంథములోనే ఒక ప్రకరణము వ్రాసిపెట్టెను. 2023వ సంవత్సరమున ఆయన మరణించినను, ఆయన పనిని ఇతరులు సాగించుచున్నారు.

ఈ ఎడిటరుతో పాటు పెద్ద సహాయ గ్రంథమొకటి వచ్చును. అది పెక్కు ఫైళ్లుగా విభజింపబడి, సామాన్యమైన అక్షరములతోనే వ్రాయబడియుండును. దానిని చదువుటకు ఇంటర్నెట్టు అక్కఱలేదు. ఎడిటరున్న యంత్రములోనే అదియు నుండును. పట్టణమునకు దూరముగా, సిగ్నలు అందియు నందని యూళ్లలో పాత కంప్యూటరు ముందు కూర్చుండు విద్యార్థికి ఇది యెంత గొప్ప వసతియో ఊహింపుడు. అతనికి ప్రక్కన గురువు లేడు. ఆ పుటయే గురువు. గురువు తప్పు చెప్పినను శిష్యుడు తన బుద్ధినే నిందించుకొనును గాని గురువును శంకింపడు. సహాయ గ్రంథములోని చిన్న దోషమునుకూడ సరిదిద్దవలసిన కారణమిదియే.

2. టాబును స్పేసును

పంక్తిని లోనికి జరుపుటకు రెండు మార్గములు కలవు. మొదటిది స్పేసు మీటను కావలసినన్ని మాఱులు నొక్కుట. ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క గడి ఖాళీ ఏర్పడును. రెండవది టాబు మీటను నొక్కుట. ఈ మీట పాత టైపురైటరునుండి వచ్చినది. పట్టికలలో అంకెలు ఒకదాని క్రింద నొకటి నిలువుగా వచ్చుటకు గుమాస్తాలు దీనిని వాడెడివారు. యంత్రపు లెక్కలో ఈ రెండును వేఱువేఱు అక్షరములు: 1963లో ఏర్పడిన ఆస్కీ యను సంకేతావళిలో టాబునకు 9వ సంఖ్య, స్పేసునకు 32వ సంఖ్య. కంటికి రెండును తెల్లని ఖాళీలే. యంత్రమునకు మాత్రము 'క'కును 'గ'కును ఉన్నంత భేదము కలదు.

టాబు అనగా ఎనిమిది స్పేసులని కొందఱనుకొందురు. అది సరికాదు. టాబు అనునది 'తరువాతి మజిలీ వఱకు జరుగుము' అను ఆజ్ఞ. మజిలీలు ఎనిమిదేసి గడుల కొకటి చొప్పున నున్నచో, 8, 16, 24 గడులయొద్ద అవి వచ్చును. మూడక్షరముల తరువాత టాబు నొక్కినచో 8వ గడిని చేరుటకు అయిదు గడులే జరుగును. ఏడక్షరముల తరువాత నొక్కినచో ఒక్క గడియే జరుగును. ఎనిమిదక్షరముల తరువాత నొక్కినచో 16వ గడికి పోవలయును గనుక ఎనిమిది గడులు జరుగును. బస్సు ఎక్కిన చోటేదైనను తరువాతి స్టేజీలోనే దిగవలసినట్లు ఇది జరుగును.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. మజిలీకిని మజిలీకిని ఎంత దూరముండవలయునో నిర్ణయించునది వ్రాసినవాడు కాడు, చూచువాని యంత్రము. ఒకరు దానిని ఎనిమిదిగా నుంచుకొందురు, ఒకరు నాలుగుగా, మఱియొకరు రెండుగా. ఈ క్రింది మూడు పంక్తులను పరిశీలింపుడు.

మొదటి పంక్తి: ఒక టాబుతో మొదలగును.
రెండవ పంక్తి: ఎనిమిది స్పేసులతో మొదలగును.
మూడవ పంక్తి: నాలుగు స్పేసులు, పిమ్మట ఒక టాబు.

మజిలీ ఎనిమిది గడులైనచో మూడు పంక్తులును 8వ గడిలోనే మొదలగును. ఎవరికిని దోషము కనబడదు. మజిలీ నాలుగైనచో మొదటిది 4వ గడికి వచ్చును. రెండవదియు మూడవదియు 8లోనే యుండును. మజిలీ రెండైనచో మొదటిది 2లోను, రెండవది 8లోను, మూడవది 6లోను మొదలగును. ఒకే పుట మూడు యంత్రములపై మూడు రూపములు దాల్చినది! వ్రాసినవాడు తన తెఱపై సరిగానే చూచి తృప్తిపడెను. చదువువాని తెఱపై మెట్లు తప్పినవి.

ఇట్టి కలగలుపునకు ఎవరి దుర్బుద్ధియు కారణము కాదు. సహాయ గ్రంథమును అనేక సంవత్సరములుగా అనేకులు పెంచుచు వచ్చిరి. ఒకరి ఎడిటరు టాబు మీటను నొక్కినపుడు టాబునే వ్రాయును. మఱియొకరిది దానికి బదులు స్పేసులు వ్రాయును. కొందఱు వేఱొకచోటినుండి కాపీచేసి తెచ్చి అతికింతురు. పలువురు పట్టిన పలుపు గనుక ముడులు పలు విధములుగా నుండును.

3. దీనివలన కలుగు హాని

పుట కొంచెము వంకరగా కనబడినంత మాత్రమున ప్రమాదమేమని అడుగవచ్చును. మన వడ్డేపల్లి, అయిజ ప్రాంతముల రైతు బిడ్డలకు దీనికి సమాధానము పొలములోనే కలదు. పత్తిచేనిలో సాళ్లు తిన్నగా నున్నంతకాలము గుంటుక నిర్భయముగా నడచును. సాలు వంకరపోయిన చోట గుంటుక కలుపుతో పాటు మొలకనుకూడ కోసివేయును. ఎద్దులకును గుంటుకకును మొక్క యేదో కలుపు ఏదో తెలియదు. సాలు చెప్పినట్లు అవి నడచును. యంత్రమునకును పంక్తి మొదటి ఖాళీ ఇట్టి సాలువంటిది.

విమ్ సహాయ గ్రంథములో ఒక ఉదాహరణమును చూపవలసినపుడు, దానికి ముందటి పంక్తి చివర గణితములో 'కంటె పెద్దది' అని వ్రాయు గుర్తును ఉంచుదురు. అచ్చటినుండి ఉదాహరణము మొదలైనదని ఎడిటరు గ్రహించును. ముగింపునకు 'కంటె చిన్నది' అను గుర్తు కలదు. అయితే మఱియొక నియమమును కలదు: ఏ పంక్తియైనను లోనికి జరుపక మొదటి గడిలోనే మొదలైనచో ఉదాహరణము అంతటితో ముగిసినదని భావింపబడును. కనుక ఉదాహరణము నడుమ నొక పంక్తి మొదటి ఖాళీ పోయినచో, మిగిలిన ఆజ్ఞలన్నియు సామాన్య వివరణమువలె కనబడును. చదువరి సగము ఆజ్ఞలనే వ్రాసికొనును; అవి పనిచేయవు; ఎందుకు పనిచేయవో అతనికి బోధపడదు.

కొన్ని ఎడిటరుల సహాయ పుటలను మార్క్‌డౌన్ అను పద్ధతిలో వ్రాయుదురు. ఇది 2004లో వెలువడినది. ఇందు పేరాకు మొదట నాలుగు స్పేసులు చేరినచో అది వివరణము కాదు, యంత్రపు ఆజ్ఞల ఉదాహరణమని ఎంచి ప్రత్యేకమైన పెట్టెలో చూపబడును. విమ్‌లో ఖాళీ పోవుటచేత ఉదాహరణము వివరణమగుచున్నది. ఇచ్చట ఖాళీ చేరుటచేత వివరణము ఉదాహరణమగుచున్నది.

గద్వాల చీరను తలంచుకొనిన ఈ సంగతి స్పష్టపడును. ఆ చీర నడుమ భాగము నూలు, అంచు పట్టు. రెండును వేఱువేఱు జాతులు. అయినను నేతగాడు వానిని కలుపుచోట పోగు పోగునకు మెలిక వేసి ఒకే వస్త్రముగా చేయును. సహాయ పుటలో వివరణము నూలువంటిది, ఉదాహరణము పట్టువంటిది. ఆ రెండింటిని విడదీసి చూపుచు కలిపి నిలుపునది ఇండెంటు. కలయిక తప్పినచో నూలును చెడును, పట్టును చెడును.

పైథాన్ అను యంత్రభాషను 1991లో గీడో వాన్ రోసమ్ ప్రకటించెను. అందు ఇండెంటే అర్థమును నిర్ణయించును. తెలుగు మాటలతో దాని పోలికను చూపెదము.

మార్కులు 35 కంటె తక్కువైనచో:
    అభ్యాసము మరల చేయింపుము
    పేరు పట్టీలో వ్రాయుము

ఇందు తక్కువ మార్కులు వచ్చినవాని పేరు మాత్రమే పట్టీకి ఎక్కును.

మార్కులు 35 కంటె తక్కువైనచో:
    అభ్యాసము మరల చేయింపుము
పేరు పట్టీలో వ్రాయుము

ఇందు ప్రతి విద్యార్థి పేరును పట్టీకి ఎక్కును. ఒక్క యక్షరమైనను మాఱలేదు. నాలుగు గడుల ఖాళీ మాత్రమే పోయినది. తప్పినవారి పట్టీలో తరగతి అంతయు చేరినది. సహాయ గ్రంథములోని ఉదాహరణమున ఇట్టి పొరపాటున్నచో అది ఎందఱి పనిలోనికి ప్రాకునో చెప్ప నలవికాదు.

4. దోషమును కనిపెట్టు విధము

కనబడనిదానిని సరిదిద్దలేము గనుక మొదట ఖాళీలను కనబడునట్లు చేయవలయును. విమ్‌లో 'సెట్ లిస్ట్' అను ఆజ్ఞ నిచ్చినచో టాబు ఉన్నచోట టోపీ గుర్తును 'ఐ' అను ఆంగ్లాక్షరమును, పంక్తి ముగిసినచోట డాలరు గుర్తును కనబడును. స్పేసులు ఖాళీగానే యుండును. అంతట ఏ పంక్తి దేనితో మొదలగుచున్నదో బయటపడును. పంక్తి చివర ఎవరికిని అక్కఱలేని స్పేసులున్నచో అవియు డాలరు గుర్తునకు ముందు తేలిపోవును.

పిమ్మట మజిలీ దూరమును ఎనిమిదినుండి నాలుగునకు, నాలుగునుండి రెండునకు మార్చి అదే పుటను చూడవలయును. పైన చెప్పిన మూడు పంక్తులవలె, ఒకచోట కలిసి నిలిచినవి వేఱొకచోట విడిపోయినచో అవి దోషముగల పంక్తులు. టాబునకు ముందు స్పేసులున్న పంక్తులను ప్రత్యేకముగా వెదకవలయును; మూడవ పంక్తివంటి చిక్కులన్నియు అచ్చటనే దాగియుండును.

తరువాత ఆ గ్రంథమువారి నియమమేదో తెలిసికొనవలయును. విమ్ సహాయ ఫైళ్లలో చివరి పంక్తియే నియమ పత్రము. పంక్తి వెడల్పు 78 గడులనియు, టాబు మజిలీ ఎనిమిదనియు, టాబులను స్పేసులుగా మార్పరాదనియు అందు సంకేతములతో వ్రాసియుండును. మనకు స్పేసులే యిష్టమైనను, మన యిష్టముతో పని లేదు. పరుల యింట దీపము పెట్టువాడు ఆ యింటి గూటిలోనే పెట్టవలయును.

5. సరిదిద్దు విధము

నియమము తెలిసిన పిమ్మట పనిని ఈ వరుసలో చేయవలయును.

మొదట, మూలప్రతి నొకదానిని భద్రపఱచుకొనవలయును. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆరంభించిన గిట్ అను సాధనము ప్రతి మార్పును, మార్చినవారి పేరును, కారణమును దాచి యుంచును. పని చెడినచో వెనుకకు పోవుటకు దారి యుండును.

రెండవది, ఆ ఫైలు చేతితో వ్రాసినదో, వేఱొక మూలమునుండి యంత్రము తయారుచేసినదో విచారింపవలయును. విమ్ నుండి 2014లో చీలి పెరిగిన నియోవిమ్ ఎడిటరు సహాయ గ్రంథములో కొన్ని ప్రకరణములు ప్రోగ్రాములోని వ్యాఖ్యలనుండి యంత్రముచేతనే కూర్పబడును. అట్టిచో పుటను దిద్దినచో ప్రయోజనము లేదు. తరువాతి కూర్పులో పాత దోషమే తిరిగి వచ్చును. బావిలో బురద నుండగా కుండలోని నీటిని వడగట్టి ఫలమేమి? మూలమునే దిద్దవలయును.

మూడవది, పుటలోని భాగములను గుర్తింపవలయును. వివరణము, వరుస సంఖ్యల పట్టిక, ఉదాహరణము, శీర్షిక, కుడి ప్రక్కన నుంచు సూచక పదములు: వీని కన్నింటికిని ఒకే కొలత లేదు. ఒక జాతి పంక్తులను ఒకమాఱు పూర్తిగా దిద్ది, పిమ్మట రెండవ జాతికి పోవలయును.

నాలుగవది, ఒకే ఆజ్ఞతో గ్రంథమంతయు మార్పవలెనను తొందర కూడదు. విమ్‌లో 'రీట్యాబ్' అను ఆజ్ఞ కలదు. అది టాబులను, స్పేసులను కోరినట్లు మార్చివేయును. అయితే అది పంక్తి మొదట నున్నవానినే గాక నడుమ నున్నవానినికూడ ముట్టును. ప్రోగ్రాములలో కొటేషను గుర్తుల నడుమ నున్న టాబులుకూడ మాఱునని ఆ ఎడిటరు సహాయ గ్రంథమే హెచ్చరించుచున్నది. కావున ఆజ్ఞను కావలసిన పంక్తులకే పరిమితము చేసి ఉపయోగింపవలయును.

అయిదవది, ఖాళీలను దిద్దునపుడు ఖాళీలనే దిద్దవలయును. నడుమ ఒక అక్షరదోషము కనబడినచో దానిని వేఱుగా గుర్తుంచుకొని, వేఱొక మార్పుగా పంపవలయును. రెండును కలిపి పంపినచో పరీక్షించువారికి వందల పంక్తుల ఖాళీ మార్పులలో ఆ యొక్క అక్షరము మఱుగుపడును. నూఱు పంక్తుల మాటున ఒక పంక్తి తప్పుగా మాఱినను ఎవరును కనిపెట్టజాలరు.

6. ముట్టరాని చోట్లు

దిద్దుట ఎంత ముఖ్యమో, దిద్దక విడుచుటయు కొన్నిచోట్ల అంతే ముఖ్యము. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన 'మేక్' అను సాధనమును తీసికొనుడు. దాని ఫైలులో ఆజ్ఞల పంక్తులు టాబుతోనే మొదలు కావలయును. అచ్చట ఎనిమిది స్పేసులుంచినచో చూపునకు భేదము లేకున్నను ఆ సాధనము పంక్తిని అంగీకరింపక దోషమని చెప్పును. సహాయ పుటలో అట్టి ఫైలును ఉదాహరించియున్నచో, చక్కదనముకొఱకు దాని టాబులను స్పేసులుగా మార్చినవాడు పుటను అందముగా చేసి పాఠమును చెఱచినవాడగును.

పైథాన్ ఉదాహరణములకు ధర్మము వేఱు. నాలుగు స్పేసులు వాడవలెనని ఆ భాషవారు తమ వ్రాత నియమములలో చెప్పిరి. 2008లో వచ్చిన పైథాన్ మూడవ కూర్పునుండి టాబులను స్పేసులను అర్థము సందిగ్ధమగునట్లు కలిపి వ్రాసినచో ఆ ప్రోగ్రాము నడువనే నడువదు. కాబట్టి ఒకే సహాయ గ్రంథములో వివరణము టాబులతోను, పైథాన్ ఉదాహరణము స్పేసులతోను ఉండవచ్చును. అది కలగలుపు కాదు. ఎచ్చట దేనికి ఏది ధర్మమో అది యుండుటయే క్రమము. క్రమమనగా అన్నియు ఒకే రూపముగా నుండుట కాదు. సమానమైనవి సమానముగా నుండుట.

కొన్ని పుటలలో దోషమునే పాఠముగా చూపుటయు కలదు. టాబులు కలగలిసినపుడు ఏమి జరుగునో బోధించు ప్రకరణమున కలగలిసిన పంక్తులే యుండవలయును. పేరా చదువక పంక్తిని దిద్దువాడు అట్టి పాఠమును పాడుచేయును.

7. సరిచూచుట

పని ముగిసిన పిమ్మట పాతప్రతిని క్రొత్తప్రతితో పోల్చి చూడవలయును. గిట్ సాధనములో ఖాళీల భేదమును లెక్కింపక పోల్చు మార్గము కలదు. 'డిఫ్' అను ఆజ్ఞకు 'డబ్ల్యు' అను ఆంగ్లాక్షరమును గీతతో చేర్చినచో అట్లు పోల్చును. ఇట్లు పోల్చినపుడు భేదమేమియు లేదని తేలవలయును. ఒక్క పంక్తి కనబడినను, ఖాళీ గాక అక్షరమేదియో మాఱినదని యెఱుగవలయును.

అయితే ఈ పరీక్ష ఒక్కటియే చాలదు. ఖాళీలను లెక్కింపని పరీక్ష, ఖాళీవలననే అర్థము మాఱు ఉదాహరణములలోని తప్పును పట్టజాలదు. పైన చూపిన మార్కుల పట్టీలోని రెండు రూపములును ఆ పరీక్షకు ఒక్కటే! కాబట్టి దిద్దిన ప్రతి ఉదాహరణమును పుటనుండి తీసికొని నిజముగా నడిపించి చూడవలయును. ఆ పిమ్మట మజిలీలను మార్చి మరల ఒకమాఱు పుటను చూడవలయును. సూచక పదములు తమ స్థలములలో నున్నవో లేవో, వానిని పట్టుకొని పోయినచో సరియైన ప్రకరణమే తెఱచుకొనుచున్నదో లేదో గమనింపవలయును.

చివరకు గ్రంథమును కాపాడువారికి మార్పును పంపవలయును. ఏ ఫైలులో, ఏ నియమము ననుసరించి, ఏమి మార్చితిమో, ఏమి మార్పక విడిచితిమో నాలుగు పంక్తులలో వ్రాసిన చాలును. పెద్ద మార్పైనచో ముందుగా అడుగుట మర్యాద. ఏలయన, అదే పుటలో వేఱొకరు నూతన విషయము వ్రాయుచుండవచ్చును. మనము పంక్తులన్నిటిని కదలించినచో వారి పని మన పనితో పెనగును. వారు వలదన్నచో చిన్నబుచ్చుకొనరాదు.

8. తెలుగున వ్రాయువారికి ఒక మాట

మన భాషలో ఇట్టి సహాయ పుటలు వ్రాయువారు ఇంకను పెక్కుమంది కావలయును. వారికి ఒక విశేషము తెలిసియుండవలయును. ఆంగ్లాక్షరములను ఒక్కొక్క గడికి ఒకటి చొప్పున ఎడిటరు పేర్చును. తెలుగు అక్షరము అట్లు లొంగదు. 'స్త్రీ' అను ఒక్క యక్షరమును చూడుడు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అని యూనికోడు లెక్కలో ఆఱు సంకేతములు, యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినపుడు పదునెనిమిది బైట్లు. కంటికి మాత్రము ఒక్కటే యక్షరము. దాని వెడల్పు ఫాంటును బట్టి మాఱును.

అందుచేత తెలుగు మాటల తరువాత స్పేసులు చేర్చి నిలువు వరుసలు తీర్చుటకు ప్రయత్నించినచో ఒక యంత్రముపై తిన్నగా నిలిచినది మఱియొక యంత్రముపై వంకరపోవును. పంక్తి మొదటి ఖాళీకి ఈ చిక్కు లేదు; దానికి ముందు అక్షరమే లేదు గదా. కాబట్టి తెలుగు సహాయ పుటలో పంక్తి మొదటి ఇండెంటుపై ఆధారపడవచ్చును. పంక్తి నడుమ స్పేసులతో కట్టిన పట్టికపై ఆధారపడరాదు. పట్టికకు బదులు ఒక్కొక్క విషయమును ఒక్కొక్క పంక్తిగా, దాని వివరణమును క్రింద లోనికి జరిపి వ్రాయుట క్షేమము.

విద్యార్థులారా, ఈ పనికి గొప్ప యంత్రము వలదు, ధనము వలదు. ఓర్పును సూక్ష్మదృష్టియు చాలును. చక్కగా చేసినచో దీనిని ఎవరును గుర్తింపరు. దిద్దిన పుటను చదువువాడు అచ్చట దోషముండెనని యెఱుగక తన పాఠమును నేర్చుకొని పోవును. ఆ పాఠము మొదటి ప్రయత్నమున ఫలించుటచేత అతడు 'ఇది నావలన కాదు' అని పుటను మూయకుండుటయే మన పనికి ఫలము.

అభ్యాస ప్రశ్నలు

ఒకటి: అయిదక్షరముల తరువాత టాబు నొక్కినచో, మజిలీ ఎనిమిదైనపుడు ఎన్ని గడులు జరుగును? మజిలీ నాలుగైనపుడు ఎన్ని?

రెండు: రెండు స్పేసులు, పిమ్మట ఒక టాబు గల పంక్తి, మజిలీ రెండు, నాలుగు, ఎనిమిది అయినపుడు ఏయే గడులలో మొదలగును?

మూడు: 'మేక్' ఫైలు ఉదాహరణములోని టాబులను ఎందుకు మార్పరాదు?

నాలుగు: ఖాళీలను లెక్కింపక పోల్చినపుడు భేదము కనబడలేదు. అయినను ఉదాహరణమును నడిపి చూడవలసిన అవసరమేమి? మార్కుల పట్టీని ఆధారముగా చేసికొని ఉత్తరము వ్రాయుడు.